తుమున్ ప్రత్యయము – ఆంగ్లమున ‘టు’, ‘ఇంగ్’ రూపముల నియమము

ఆంగ్లవాక్యమున ఒక క్రియకు పిదప మఱియొక క్రియ వచ్చునపుడు ఆ రెండవది ‘రీడింగ్’ అని ఇంగంతముగా నుండవలెనా, ‘టు రీడ్’ అని టుయుక్తముగా నుండవలెనా అను సందేహము ప్రాచ్యకళాశాలా విద్యార్థులకు తఱచుగా కలుగును. పట్టికలు వల్లింపజేయుటయే దీనికి ఉపాయమని పలువురు తలతురు. అష్టాధ్యాయి చదివినవానికి అంతకంటె దగ్గఱి త్రోవ కలదు.

పాణినీయమున తుమున్ ఎల్లయెడల రాదు. క్రియార్థక్రియ ఉపపదమైనపుడు వచ్చుట (3.3.10) ఒకటి, ఇచ్ఛార్థక ధాతువు ఉపపదమై, రెండు క్రియలకు కర్త యొక్కడే యైనపుడు వచ్చుట (3.3.158) మఱియొకటి, శక, జ్ఞా, రభ, లభాది ధాతువులను పేరుపేరున పరిగణించి విధించుట (3.4.65) వేఱొకటి. అనగా నియమము కొంత అర్థముచేతను, కొంత పరిగణనముచేతను సిద్ధించినది. ఆంగ్లమునను స్థితి యిట్టిదే.

అర్థముచేత తేలు చోటికి ‘స్టాప్’ మంచి ఉదాహరణము. ‘హి స్టాప్డ్ రీడింగ్’ అనగా చదువుట ఆపెను. ‘హి స్టాప్డ్ టు రీడ్’ అనగా చదువుటకై ఆగెను. మొదటిదాన చదువుట కర్మ; రెండవదాన ఆగుట క్రియార్థక్రియ. తెలుగున ఆపు, ఆగు అని ధాతురూపమే మాఱుటచే మనకు భ్రాంతి లేదు. ‘రిమెంబర్’ తరువాత ‘లాకింగ్’ అన్నచో తాళము వేసిన సంగతి జ్ఞప్తియందున్నది. ‘టు లాక్’ అన్నచో వేయవలసిన పని మఱువలేదు. సిద్ధసాధ్యభేదమన్నచో మనవారికి ఒక్కమాటతో తెలియును.

ఐనను ఈ భేదము సర్వత్ర చెల్లదు. ‘పోస్ట్‌పోన్’ చేసిన పని యింకను జరుగలేదు, ఇంగంతమే వచ్చును. ‘మేనేజ్డ్’ అన్నచో పని జరిగినది, టుయుక్తమే వచ్చును. ‘ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్’ ఇంగంతమును, ‘హోప్, డిసైడ్, రెఫ్యూజ్’ టుయుక్తమును కోరును. వీనిని గణపాఠమువలె కంఠస్థము చేయవలసినదే. ‘బిగిన్’ మున్నగువానియందు వికల్పము.

మన విద్యార్థులు మిక్కిలి తడబడు చోటు వేఱు. ‘పఠితుమిచ్ఛతి’ అన్నచో కోరువాడును చదువువాడును ఒక్కడే. శిష్యుడు చదువవలెనని గురువు కోరినపుడు తుమున్ పొసగదు. తెలుగునను ‘చదువవలెనని’ అనియే అందుము. ఆంగ్లమున ఈ సమానకర్తృకత్వ నియమము లేదు. ‘ద టీచర్ వాంట్స్ హిమ్ టు రీడ్’ సాధువు. పూర్వసంస్కారముచే మనవారు ‘వాంట్స్ దట్ హి షుడ్ రీడ్’ అని వ్రాయుదురు. తుమున్నే ‘టు’ అని బోధించు ఉపాధ్యాయుడు ఈ వైషమ్యమును ఆ పాఠముననే చెప్పవలెను. ‘సజెస్ట్’ దీనికి విపర్యయము: ‘సజెస్టెడ్ హిమ్ టు గో’ అసాధువు, అచట ‘దట్’ వాక్యమే శరణ్యము.

ఇక ‘టు’ కనబడినంతనే తుమున్ అనుకొనరాదు. ‘పఠితుం గచ్ఛతి’ అనుచోట ‘పఠనాయ గచ్ఛతి’ అనియు సాధువే (2.3.15), ఇందు ల్యుడంతము నామము గనుక చతుర్థి చేరినది. ‘లుక్ ఫార్వర్డ్ టు’ నందలి ‘టు’ ఈ విభక్తివంటిది, కావున దానిపై ‘సీయింగ్’ అని ఇంగంతమే నిలుచును. ‘ఐ యామ్ యూస్డ్ టు వాకింగ్’ అనగా నడక నాకు అలవాటు. ‘ఐ యూస్డ్ టు వాక్’ అనగా ఒకప్పుడు నడిచెడివాడను, ఇపుడు మానితిని.