మరల వచ్చిన అద్దకము

“పాత యొక రోత, క్రొత్త యొక వింత” యని తెలుగువారి సామెత. వస్త్రముల విషయమున ఈ సామెత సగమే సత్యము. నిన్నటి వేషము రోతయే కావచ్చును. కాని తాతలనాటి వేషము మరల వింత యగుచుండును. తండ్రి తొడిగిన చొక్కాను చూచి నవ్విన కుమారుడే, తాత తొడిగిన దానిని పెట్టె యడుగునుండి తీసి ధరించి అద్దము ముందు నిలుచును.

వేషముల చరిత్రను పరిశోధించిన జేమ్స్ లేవర్ అను ఆంగ్ల రచయిత 1937లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పును ఒక పట్టికగా వ్రాసెను. అతని లెక్క ప్రకారము, వాడుక తప్పిన పదియేండ్లకు ఒక వేషము వికారముగా తోచును, ఇరువదియేండ్లకు నవ్వు పుట్టించును, డెబ్బదియేండ్లకు మనోహరమగును, నూటయేబదియేండ్లకు సౌందర్యమునకే నిలయమగును. ఈ లెక్క గడియారము వలె నడచునది కాదు. అయినను, తగినంత దూరమున నున్న పాతదానిని జనులు మరల ప్రేమింతురను మాట నిజము. రాబోవు అభిరుచిని ముందుగా గుర్తించుట వర్తకునకు లాభము. చేతిపనివానికి అది బ్రతుకుతెరువు. ఈ సంగతిని తెలుగుదేశపు అద్దకపు వస్త్రముల చరిత్ర చక్కగా తెలుపును.

పదునేడవ శతాబ్దమున మచిలీపట్నము గొప్ప రేవుపట్టణము. 1611లో ఆంగ్లేయులు అచ్చట తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. వారినాకర్షించిన సరకులలో పూలు, తీగెలు చిత్రించిన నూలువస్త్రములు ముఖ్యమైనవి. ఉతికినను వెలిసిపోని రంగులను నూలుబట్టకు పట్టించు విద్య నాడు ఐరోపావారికి తెలియదు. మన పనివారు బట్టను కరక్కాయ కషాయమునను, గేదెపాలలోను తడిపి యెండబెట్టెడివారు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి నల్లరంగు తీసెడివారు. ఎరుపు కావలసినచోట పటికనీరు పూసి, చిరువేరు వేసి కాచెడివారు. పటిక తగిలినచోటనే ఎరుపు పట్టును, తక్కినచోట నిలువదు. పారు నీటిలో జాడించి, ఎండలో ఆరవేసినకొలది ఆ రంగులు తేటపడెడివి.

ఈ వస్త్రములు ఓడనెక్కి ఇంగ్లండు చేరుటకు నెలల తరబడి పట్టెడిది. అచ్చటినుండి ఉత్తరువు వచ్చుటకు నంతే కాలము. ఆ నడుమ నేయుట, అద్దుట జరుగవలెను. కనుక నేడు కోరిన వస్త్రము కొనువాని చేతికి వచ్చునప్పటికి ఏడాది దాటి మరికొంత కాలము గడచెడిది. అప్పటికి లండను నగరపు స్త్రీలు ఏ రంగును మెచ్చుకొందురో వర్తకులు ముందే ఊహింపవలసి వచ్చెను. ఆంగ్ల వర్తకసంస్థవారు 1643లో సూరతునందలి తమ యుద్యోగులకు వ్రాసిన లేఖలో, ఎర్రని నేల గల వస్త్రములకన్న తెల్లని నేలపై రంగుల పూలున్న వానిని పంపుడని కోరిరి. తరువాత నమూనా చిత్రములనుగూడ పంపసాగిరి. పరదేశపు పూలను ఎన్నడును చూడని తెలుగు పనివాడు, వానిని తన చేతివాటముతో కలిపి చిత్రించెను. ఆ కలయికయే ఐరోపావారిని ముగ్ధులను చేసెను.

ఆ మోజు మితిమీరెను. తమ వస్త్రములకు గిరాకి తగ్గుచున్నదని అచ్చటి ఉన్ని, పట్టు పనివారు ఆందోళన చేసిరి. 1686లో ఫ్రాన్సు ఈ వస్త్రములను నిషేధించెను. ఇంగ్లండు 1701లోను, మరింత కఠినముగా 1721లోను శాసనములు చేసెను. 1719లో లండను వీథులలో నేతగాండ్రు కొందరు, అద్దకపు వస్త్రములు ధరించిన స్త్రీలపైబడి ఆ బట్టలను చింపివేసిరి. అయినను కోరిక చావలేదు. దొంగచాటుగా అమ్మకములు సాగెను. తుదకు ఫ్రాన్సు 1759లోను, ఇంగ్లండు 1774లోను నిషేధములను తొలగించెను.

ఆ మోజు మరల బహిరంగముగా తలయెత్తెను గాని, దాని ఫలము మచిలీపట్నమునకు దక్కలేదు. ఆ లోపల ఐరోపావారు అద్దకపు రహస్యములను గ్రహించిరి. 1783లో థామస్ బెల్ అను నతడు గుండ్రని రాగి దిమ్మెలతో అచ్చువేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. అనేకులు దినములకొలది చేయు పనిని ఆ యంత్రము స్వల్పకాలమున ముగించెను. అభిరుచి తిరిగి వచ్చినది; కాని అది వేరొక గుమ్మము తట్టినది.

ఇరువదవ శతాబ్దపు నడుమకు కలంకారీ పనివారు మిక్కిలి కొలదిమందియే మిగిలిరి. తండ్రి విద్యను కొడుకు నేర్చుకొనుట లేదు. నేర్చినను కూడు దొరకుట లేదు. అట్టి సమయమున 1952లో అఖిలభారత హస్తకళల మండలి యేర్పడెను. దాని నాయకురాలు కమలాదేవి చట్టోపాధ్యాయ దేశమంతట తిరిగి, కొనయూపిరితోనున్న కళలను వెదకి పట్టుకొనిరి. 1950వ దశకము చివర శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రము వెలసెను. అచ్చట కలముతో పురాణగాథలను చిత్రించు పద్ధతియు, మచిలీపట్నము, పెడనలందు చెక్కఅచ్చులతో పూలు, తీగెలు అద్దు పద్ధతియు నిలిచినవి. నేడు ఆ చీరలను పెండ్లిండ్లలోను, కార్యాలయములలోను యువతులు ముచ్చటతో ధరించుచున్నారు.

ఇప్పుడు రాబోవు మోజును తెలుపుటయే వృత్తిగా గలవారు ఉన్నారు. 1973లో పుట్టిన వస్త్రప్రదర్శన యొకటి ప్యారిస్ నగరమున నడచుచున్నది. రాబోవు ఋతువుల రంగులు, నేతలు అచ్చట ముందుగానే చర్చకు వచ్చును. జోస్యము చెప్పువారు అంగళ్ల అమ్మకములను లెక్కింతురు. వీథిలో యువకుల వేషమును గమనింతురు. వస్తుప్రదర్శనశాలలలోని పాతబట్టలను తిరిగి చూతురు. ఐనను వారి మాట సగము జోస్యము, సగము ఆజ్ఞ. రాబోవు రంగు ఇదియని వారు పలికిన, మిల్లులవారు ఆ రంగునే తయారుచేయుదురు. అంగడిలో అదియే కనబడును. జనులు దానినే కొందురు. కలంకారీ మోజు పెరిగినంతనే మిల్లులు దాని బొమ్మలను యంత్రములతో అచ్చువేసి చౌకగా అమ్మజొచ్చినవి. చరిత్ర మరల అదే ప్రశ్న నడుగుచున్నది.

అభిరుచి పోవును, వచ్చును. అది ఎవరు కాపాడకున్నను తిరిగి వచ్చును. చేతివిద్య అట్లు కాదు. ఒక తరము నేర్పక మానినయెడల, మరుతరమున మోజు వచ్చి తలుపు తట్టినను లోపలినుండి బదులు పలుకువారుండరు. టేకుచెక్కపై తీగె చెక్కువాని వ్రేళ్ల నేర్పును, కాగుచున్న నీటిలో ఎరుపు పండిన క్షణమును గుర్తించు కంటి నేర్పును ఏ గ్రంథమును పూర్తిగా దాచిపెట్టలేదు. మోజు లేని దినములలో విద్యను నిలిపినవారే మోజు వచ్చిన దినమున దానికి అర్హులైరి. కావున నేడు ఎవరును చూడని పనిని శ్రద్ధతో నేర్చుకొను బాలుడు వెనుకబడినవాడు కాడు. కొన్ని వేళల అతడే అందరికంటె ముందున్నవాడు.

ప్రశ్నలు

1. నూలుబట్టకు ఎరుపురంగు పట్టించుటలో పటిక చేయు పని యేమి?
2. రాబోవు అభిరుచిని ఊహించుట నాటి వర్తకులకు ఏల అవసరమయ్యెను?
3. నిషేధములు తొలగినను మచిలీపట్నము పనివారికి మేలు కలుగకపోవుటకు కారణములెవ్వి?
4. “వారి మాట సగము జోస్యము, సగము ఆజ్ఞ” — ఈ వాక్యమును వివరింపుము.
5. మీ యూరిలో నిలిచియున్న యొక చేతిపనిని గూర్చి పది వాక్యములు వ్రాయుము.