చిగుళ్ల నుండి రక్తం వస్తే మిస్వాక్ మానాలా?

దర్స్ కోసం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వెళ్లినప్పుడల్లా మమ్మల్ని పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. "మౌలానా! మిస్వాక్ చేస్తే చిగుళ్ల నుండి రక్తం వస్తోంది. వుజూ పోతుందేమోనని భయమేసి మిస్వాక్ మానేశాను. నేను చేసింది సరైనదేనా?"

వుజూ కాపాడుకోవాలన్న వారి తపన మెచ్చదగినదే. కాని వారు పట్టిన దారి వుజూనూ కాపాడదు, పళ్లనూ కాపాడదు. ఎందుకో ఈ నెల పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ధర్మాదేశం

హనఫీ ఫిఖ్హా ప్రకారం ఉమ్మిలో రక్తం ఎక్కువగా ఉన్నా, సమానంగా ఉన్నా వుజూ భంగమవుతుంది. ఉమ్మి రంగును బట్టి దీనిని గుర్తించవచ్చు. ఎర్రగా ఉంటే వుజూ మళ్లీ చేయాలి. పసుపు రంగులో కాస్త జీర మాత్రమే ఉంటే వుజూ నిలిచే ఉంటుంది. షాఫయీ ఇమాముల దృష్టిలో ఇలా రక్తం రావడం వల్ల వుజూ భంగం కాదు. అయితే నోరు పుక్కిలించి శుభ్రం చేసుకోవాలి.

ఉపవాసంలో మిస్వాక్ చేయడం వల్ల రోజా పోదు. కాని ఉమ్మిని మించిన రక్తాన్ని మింగితే రోజా భంగమవుతుంది. కనుక రమజానులో చిగుళ్ల జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అసలు ఆ జబ్బును రమజాను రాకముందే నయం చేయించుకోవడం ఉత్తమం.

రక్తం ఎందుకు వస్తుంది?

మన ఇళ్లల్లో 'మసూడే' అని పిలుచుకునే ఈ చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే మెత్తగా తోమినప్పుడు రక్తం రాదు. పళ్ల మీద, ముఖ్యంగా పన్నూ చిగురూ కలిసే చోట, రోజూ పాచి పేరుకుంటుంది. అది కంటికి కనపడని సూక్ష్మక్రిముల పొర. దానిని తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలతో కలిసి గట్టిపడి గారగా మారుతుంది. ఆ క్రిముల వల్ల చిగురు వాచి, ఎర్రబడి, తాకితే చాలు రక్తం కారుతుంది. ఇది తొలి దశ. ఈ దశలో శుభ్రం చేసుకుంటే చిగురు మళ్లీ మామూలవుతుంది.

నిర్లక్ష్యం చేస్తే కొందరిలో చిగురు పంటిని వదిలి లోపల సందు ఏర్పడుతుంది. ఆరోగ్యవంతుల్లో ఆ సందు లోతు 3 మిల్లీమీటర్లు దాటదు. జబ్బు ముదిరితే అది లోతై, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పళ్లు కదులుతాయి, నోరు వాసన వేస్తుంది, చీము పడుతుంది. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చికిత్సతో జబ్బును అక్కడితో ఆపవచ్చు.

ఇప్పుడు ఆ పెద్దల ప్రశ్న వైపు చూడండి. రక్తానికి కారణం మిస్వాక్ కాదు, పాచి. రక్తం వచ్చిందని మిస్వాక్ మానితే పాచి పెరుగుతుంది. పాచి పెరిగితే రక్తం ఇంకా ఎక్కువవుతుంది. వుజూ కోసం మిస్వాక్ మానినవారు చివరికి వుజూ నిలవని స్థితికి చేరుకుంటారు!

"వయసు మీద పడింది, పళ్లు ఊడక మానతాయా" అనుకోవడం కూడా పొరపాటే. పళ్లను ఊడగొట్టేది వయసు కాదు, ఏళ్ల తరబడి పట్టించుకోని జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉంది.

సున్నత్ నేర్పే మెళకువ

ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న జాలి లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్‌ను విధిగా ఆదేశించేవాడినని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మిస్వాక్ నోటికి శుభ్రతనూ, ప్రభువు ప్రసన్నతనూ తెస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా నసాయీ గ్రంథంలో ఉల్లేఖించబడింది.

ఆయన (స) అంతిమ ఘడియల సంఘటన బుఖారీలో ఉంది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (రజి) చేతిలోని మిస్వాక్ వైపు ఆయన చూశారు. హజ్రత్ ఆయిషా (రజి) దానిని తీసుకుని, నమిలి మెత్తగా చేసి అందించారు. ఆయన ఎంతో చక్కగా పళ్లు తోముకున్నారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ప్రాణం పోయే వేళ కూడా ఆయన నోటి శుభ్రత మరువలేదు. ఆ పుల్లను మెత్తబరచిన తర్వాతే వాడారు.

మనం చేస్తున్నదేమిటి? ఎండిన పుల్లను అలాగే చిగుళ్ల మీద గట్టిగా రుద్దుతాం. పీలు పుల్ల అయినా, వేప పుల్ల అయినా నీళ్లలో నానబెట్టి, నమిలి కుచ్చుగా చేసుకోవాలి. పన్నూ చిగురూ కలిసే చోట మెల్లగా తోమాలి. లోపలి వైపునూ, వెనుక దవడ పళ్లనూ వదలకూడదు. నలిగిన కుచ్చును కత్తిరించి కొత్తది చేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్‌తో తోముకోవడం మరీ మంచిది. అది మిస్వాక్‌కు పోటీ కాదు, తోడు.

మానవలసిన అలవాట్లు

బొగ్గు, ఇటుక పొడి పంటి పైపొరను అరగదీస్తాయి. గుట్కా, ఖైనీ, జర్దా పాన్, పళ్లకు నశ్యం రుద్దడం చిగుళ్లను తినేస్తాయి, నోటి క్యాన్సర్‌కు దారితీస్తాయి. బీడీ, సిగరెట్ తాగేవారికి రక్తం తక్కువగా కనబడి, జబ్బు లేదన్న భ్రమ కలుగుతుంది. మన చేతులతో మనల్ని వినాశనంలో పడవేసుకోరాదన్న ఖుర్ఆన్ ఆదేశం (అల్ బఖరా: 195) వీటికీ వర్తిస్తుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. గర్భిణీ సోదరీమణులకు కూడా చిగుళ్లు సులభంగా వాస్తాయి. వీరు తప్పక చూపించుకోవాలి.

ఒక మాట. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో చిన్ననాటి నుండే పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. అది నీటి వల్ల వచ్చినది, గార కాదు. ఎంత రుద్దినా పోదు. అలాంటివారిని 'మిస్వాక్ చేయడు' అని నిందించడం పాపం.

చికిత్స కూడా సున్నతే

మెత్తగా, శ్రద్ధగా శుభ్రం చేసుకుంటే తొలి దశ రక్తం ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దంత వైద్యుని వద్దకు వెళ్లాలి. గట్టిపడిన గారను మిస్వాక్ గాని బ్రష్ గాని తీయలేవు. వైద్యుడే తీయాలి. "గార తీయిస్తే పళ్లు కదులుతాయి" అనే మాట నిజం కాదు. గార వెనుక దాగిన కదలిక అప్పుడు బయటపడుతుంది, అంతే. కడప రిమ్స్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఖర్చుకు భయపడి ఆలస్యం చేయనవసరం లేదు. అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు దించాడని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు.

ప్రియ సోదరులారా! రక్తం కనబడితే మిస్వాక్‌ను వదలకండి, జబ్బును వదిలించుకోండి. శుభ్రమైన నోటితో ఆయన నామాన్ని స్మరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.