తీర్థానికొచ్చిన చుట్టాలతో పడవెక్కే ముందు: ఇంటిల్లిపాదికీ పడవ మాటలు

ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి తీర్థానికి చుట్టాలు దిగుతారు. కల్యాణం చూసిన మర్నాడు ఎవరో ఒకరు "పాపికొండలు పోదామా" అనకుండా ఉండరు. మనది గోదావరి జిల్లాయే గానీ ఊరు ఏటి ఒడ్డున లేదు. సీతానగరం వైపు వెళ్తే తప్ప గోదావరి కంటపడదు. అందుకే మన పిల్లలకు తెడ్డుకీ గెడకీ తేడా తెలీదు. అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడికి యాంకరూ రడ్డరూ అన్నీ తెలుసు గానీ, సరంగు వేసిన కేక ఒక్కటీ తలకెక్కదు. బయల్దేరే ముందురోజు రాత్రి, అన్నాలయ్యాక, ఓ అరగంట కూర్చుంటే ఇద్దరి పనీ అవుతుంది.

1. నోటుబుక్కులో ఒక కాగితం చింపి మధ్యన గీత గీయండి. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు మన మాట. అత్తయ్య చెబుతుంటే మేనల్లుడు రాయాలి, తర్వాత తారుమారు. ఇదేం పిల్లల ఆట అనుకోకండి. చెక్ దేశానికి సముద్రమే లేదు. అక్కడివాళ్లు వేసవిలో క్రొయేషియా పోయి తెరచాప పడవలు నడుపుతారు, అందుకని ఇంగ్లీషు పడవ మాటల పక్కన తమ మాటలు రాసుకుని నేర్చుకుంటారు. పైగా వాళ్లు వీధిలో ఎదురుపడినా "అహోయ్" అనే పలకరించుకుంటారు. అది ఓడవాళ్ల కేక!

2. ముందు పనిముట్లు. సెయిల్ తెరచాప, రడ్డర్ చుక్కాని, యాంకర్ లంగరు. లంగరంటే పడవను ఆపేదనే అందరికీ తెలుసు. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది కూడా లంగర్లు, ఇనుప తాళ్లు వేసే. ఓర్, ప్యాడిల్ దగ్గర పిల్లలు తికమకపడతారు. పడవ అంచుకు ఆనించి వేసేది ఓర్, ఉత్త చేతుల్తో పట్టుకుని వేసేది ప్యాడిల్. మనకు రెండూ తెడ్లే. వంటింట్లో పాకం కలిపేదీ తెడ్డే కాబట్టి దాన్నే తెచ్చి చూపించండి, మరిచిపోరు. గెడ సంగతి వేరు. అది నీటిని తోసేది కాదు, అడుగున నేలను తోసేది. పెద్ద నావ మీద గెడ వేసే మనిషి ముందు కొన దగ్గర గెడను నీళ్లలోకి దింపి, పై చివర భుజానికి ఆనించుకుని, వంగి వెనక కొన దాకా నడుస్తాడు. మనిషి వెనక్కి నడుస్తుంటే పడవ ముందుకు పోతుంది. ఇంజన్లు వచ్చాక ఈ దృశ్యం అరుదైపోయింది. ఎక్కడైనా కనిపిస్తే ఫోన్లు పక్కన పెట్టి చూడమనండి.

3. పడవ నడిపే పెద్దను సరంగు అంటారు, సాయం చేసేవాళ్లు కళాసీలు. "డ్రైవర్ గారూ" అన్నా పలుకుతారు, కానీ "సరంగు గారూ" అని చూడండి, మొహంలో తేడా తెలుస్తుంది. కాలువల మీద లాకులు, తూములు చూసుకునే లస్కరు పేరు కూడా పాత ఓడల నుంచి వచ్చిందే. ధవళేశ్వరం వెళ్లినప్పుడు కాటన్ మ్యూజియంతో పాటు లాకులు కూడా చూపించండి. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎలా దిగేదో అక్కడ నిలబడి చెబితే చాలు, బొమ్మ వేయక్కర్లేదు.

4. ఎడమ, కుడి: ఈ ఒక్కటీ బాగా సాధన చేయించండి. ఏరు పారే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమచేతి పక్కనున్నది ఎడమ గట్టు. ఆ లెక్కన రాజమండ్రి ఎడమ గట్టున, కొవ్వూరు కుడి గట్టున ఉన్నాయి. పోలవరం ఎడమ కాలువ విశాఖ వైపు, కుడి కాలువ కృష్ణ వైపు పోవడం కూడా ఈ లెక్క ప్రకారమే. ఇంగ్లీషులో పోర్ట్, స్టార్‌బోర్డ్ అలా కాదు. అవి పడవకు ఎడమ, కుడి. పడవ ముందు కొన వైపు చూస్తూ చెప్పాలి. పోర్ట్ వైపు ఎర్ర దీపం, స్టార్‌బోర్డ్ వైపు పచ్చ దీపం. చిక్కు ఇక్కడే: గండిపోచమ్మ దగ్గర ఎక్కి పాపికొండల వైపు పోవడమంటే ఎగువకు పోవడం. అప్పుడు పోర్ట్ వైపు కనిపించేది కుడి గట్టు! అందుకే ఏటి మీద "ఆ లెఫ్ట్‌కి చూడు" అనకండి. "పోలవరం గట్టు", "దేవీపట్నం గట్టు" అనండి, గొడవ వదులుతుంది.

5. రేవులో కనిపించేవన్నీ బోట్లు కావు. లోపల ఇంజను పెట్టి జనాన్ని మోసేది లాంచీ. బండ్లనూ కార్లనూ కూడా ఎక్కించుకుని రేవు దాటించేది పంటు. కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య, నర్సాపురం–సఖినేటిపల్లి మధ్య జనం ఎక్కేది దాన్నే.

6. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు వేయకూడదు, మధ్యలో వేయాలి. ఒక చెయ్యి కళాసీకి అందించి, రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకోండి. క్యారేజీ, సంచీ ముందే అందించేయాలి. పట్టుచీరలు తీర్థం రోజుకే చాలు.

7. లైఫ్ జాకెట్‌కు మనకు వేరే మాట లేదు, అక్కర్లేదు కూడా. 2019 సెప్టెంబరు 15న వరద నీటిలో కచ్చులూరు దగ్గర బోటు తిరగబడినప్పుడు, ఒడ్డునున్న ఊళ్లవాళ్లు పడవలేసుకుని వచ్చి, నీళ్లలో తేలుతున్నవాళ్లను గట్టుకు చేర్చారు. మునిగినవాళ్లకు ఆ సాయం అందలేదు. ఉక్కగా ఉందని, ఫొటోలో బాగుండదని జాకెట్ విప్పేవాళ్లు ప్రతి బోటులోనూ ఉంటారు. మీ ఇంటివాళ్లు విప్పకుండా చూసుకోండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు తల మీదుగా జారిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే చిన్న సైజు అడగండి. లేదంటే ఆ బోటు ఎక్కకండి. టికెట్ డబ్బులు పోతే పోనీ.

8. "ఒరుగుతోంది" అన్న మాట చెవినపడితే లేవకూడదు. కొండలు రాగానే అందరూ ఫొటోలకని ఒకే పక్కకు పోతారు, పడవ అటు వాలుతుంది. సరంగు "కూర్చోండి, కూర్చోండి" అంటుంటే ఇంకొంతమంది లేచి "ఏమైంది, ఏమైంది" అంటారు. ఉన్నచోటే కింద కూర్చోవాలని పిల్లలకు ఇంట్లోనే చెప్పండి, పెద్దలకు రెండుసార్లు చెప్పండి.

9. తీర్థం రోజుల్లో వరద భయం ఉండదు గానీ, చుట్టాలు ఆషాఢ శ్రావణాల్లో వస్తే పేపర్లో ధవళేశ్వరం అంకె చూసి బయల్దేరండి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో ఈ మెట్లు 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగింది తర్వాత మన దగ్గరికి రావాల్సిందే కాబట్టి ముందు భద్రాచలం అంకె చూడటమే మేలు. మొదటి హెచ్చరిక దాకా ఎందుకు, నీళ్లు ఎర్రబడ్డాయంటే ప్రయాణం వాయిదా వేయండి.

10. కొండల మధ్యకు పోయాక ఫోన్లకు సిగ్నల్ అందదు. రేవులో ఉండగానే బోటు పేరు, ఎక్కిన రేవు, తిరిగొచ్చే వేళ, వెంట ఉన్నవాళ్ల పేర్లు ఇంట్లో ఉన్న ఎవరికైనా వాట్సాప్‌లో పంపండి. బోటు పేరు కనబడేలా ఫొటో తీసి పెడితే ఇంకా మంచిది. చెప్పిన వేళ దాటి గంటైనా కబురు లేకపోతే 112కి ఫోన్ చేయాలని కూడా వాళ్లకు చెప్పి వెళ్లండి.