సంతకం అడిగితే సరుకేదని అడగండి

విశాఖలో ఏ సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) ఆఫీసులోనో, షిప్పింగ్ ఏజెన్సీలోనో అకౌంట్స్ కుర్చీలో కొత్తగా కూర్చున్నారా? అయితే ఇది మీకే. 2017 మే నెలలో ఆదాయపన్ను శాఖ మన ఊళ్లోనే ఒక హవాలా గుట్టు రట్టు చేసింది. డొల్ల కంపెనీలు పెట్టి, సరుకు దిగుమతి చేసుకుంటున్నట్టు దొంగ కాగితాలు పుట్టించి, వందల కోట్లు సింగపూర్, హాంకాంగ్, చైనాలకు దాటించారన్నది అభియోగం. సంచులతో పనే పడలేదు, పట్టపగలు బ్యాంకు ఖాతాల్లోంచే వెళ్లింది.

దిగుమతికి డబ్బు పంపితే గడువులోగా సరుకు రావాలి. వచ్చిందనడానికి రుజువు కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ. 2016 అక్టోబరులో రిజర్వు బ్యాంకు దిగుమతుల పర్యవేక్షణ వ్యవస్థ ఐడీపీఎంఎస్ మొదలయ్యాక ఆ వివరాలు కస్టమ్స్ నుంచి నేరుగా బ్యాంకుకు చేరుతున్నాయి. అయినా బ్యాంకు చూసుకుంటుందిలే అని వదిలేయకండి. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో మన పోర్టు కోడ్ ఐఎన్‌వీటీజెడ్1, బిల్లు నంబరు, తేదీ కొట్టి చూడండి. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) మీది కంటెయినరు నంబరును షిప్పింగ్ లైన్ సైట్‌లో వెతకండి. రెండింటికీ కలిపి పది నిమిషాలు చాలు.

సరుకు నిజంగానే వచ్చినా ధర దగ్గర మోసం ఉండొచ్చు. పట్టుకోవడం కష్టమైనదీ ఇదే. కరెంటు తయారీకి వాడే బొగ్గు ఇండోనేషియా నుంచి తిన్నగా మన రేవుకొస్తుంది, ఇన్వాయిస్ మాత్రం సింగపూర్ మీదుగా చుట్టి, ధర పెంచుకుని వస్తుంది. ఇలా జరుగుతోందని 2016లో రెవెన్యూ నిఘా విభాగం డీఆర్ఐ కస్టమ్స్ కార్యాలయాలను హెచ్చరించింది. కంపెనీలు కాదన్నాయనుకోండి. ఆరోపణ నిజమైతే, ఎక్కువ రాసిన సొమ్ము విదేశీ ఖాతాలో మిగులుతుంది, ఆ బరువు గాజువాకలో కరెంటు బిల్లు కట్టేవాడి నెత్తిన పడుతుంది. అందుకే పాత ఇన్వాయిస్‌ల టన్ను ధర పక్కన కొత్తది పెట్టి చూసే అలవాటు చేసుకోండి.

తేడా కనిపిస్తే నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. ‘నీకెందుకోయ్, ముద్ర కొట్టు’ అనే మేనేజరు రేపు మిమ్మల్ని ఎరగనంటాడు. మెయిల్ పెట్టండి.

ఇక ‘ఆధార్, పాన్ ఇయ్యి, డైరెక్టరుగా పేరు పెడతాం, నెలనెలా ఇంత’ అని డొల్ల కంపెనీలు పెట్టేవాళ్లు అంటారు చూశారూ, అక్కడ మొహమాటం పనికిరాదు. 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద తెలిసి సాయపడినా నేరమే, శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. ఇప్పటికే పేరిచ్చేసి ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా రాజీనామా ఇచ్చి, కంపెనీల రిజిస్ట్రారుకు డీఐఆర్-11 ఫారం మీరే దాఖలు చేయొచ్చు. పదవిలో ఉన్నన్నాళ్ల వ్యవహారానికి మాత్రం జవాబుదారీ తప్పదు కాబట్టి ముందు వకీలును కలవండి, పోయేటప్పుడు సంతకం పెట్టిన ప్రతి కాగితం నకలూ పట్టుకెళ్లండి.