బీడీలు చుట్టే వేళ్లకు నొప్పెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏండ్లు. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తది. పొద్దున లేవంగనే వేళ్లు ముడుచుకోవు. ఇది కీళ్లవాతమా?
– ఒక పాఠకురాలు, మల్యాల

జవాబు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎందరో మహిళలకు బీడీలే బతుకుదెరువు. తునికాకు కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి. రోజంతా భారం వేళ్ల మీదే.

బిగుతు ఎంతసేపు ఉంటుందో ముందు చూడాలి. అరగంటలోపు సడలి, గోళ్ల దగ్గరి కణుపులు గట్టిగా ఉబ్బితే అది చాలావరకు కీళ్ల అరుగుదలే. గంట దాటినా వదలక, రెండు చేతుల్లోనూ వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు వాస్తే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అనుమానించాలి. డాక్టరు ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు రాస్తారు. చికిత్స ఆలస్యమైతే వేళ్లు వంకరపోవచ్చు.

గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టడం, పని మధ్యలో ఆగి వేళ్లు చాపడం కొంత ఉపశమనం. డాక్టరును అడగకుండా నొప్పి గోళీలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.