కంగారూ – మడచెట్టు

ఒకటి ఆస్ట్రేలియా ఖండమున గంతులు వేయు జంతువు. మఱియొకటి మన తీరపు ఉప్పుబురదలో కదలక నిలుచు చెట్టు. ఈ రెంటిని పోల్చుమనిన మీకు నవ్వు రావచ్చును. కాని బిడ్డను పెంచు తీరున రెండును పోల్చి చూడదగినవే.

కంగారూ పొట్టపై సంచి గల జంతువు. ఎఱ్ఱ కంగారూ గర్భము ధరించునది సుమారు 33 దినములు మాత్రమే. పుట్టిన పిల్ల పొడవు ఇంచుమించు ఒక అంగుళము; బరువు ఒక గ్రామునకు లోపు. కన్నులు తెఱవని ఆ పిల్ల తల్లి రోమములను పట్టుకొని తానే సంచిలోనికి ప్రాకి, చనుమొనను నోట కఱచుకొని నెలల తరబడి పెరుగును. సుమారు 8 నెలలకు సంచిని విడుచును. పిదపను సంచిలో తలదూర్చి, ఏడాది వఱకు పాలు త్రాగుచుండును.

ఇక మడచెట్టు సంగతి. పులికాట్ సరస్సున సముద్రపు నీరును, కాళంగి మొదలగు ఏళ్ల నీరును కలియును. ఉప్పు హెచ్చిన నీట విత్తనము మొలచుట కష్టము. మడవిత్తనమో, కొమ్మమీద కాయలో నుండగనే మొలకయగును. కాయ నీట రాలగా పైతోలు ఊడును. మొలక తేలుచు పోయి, బురద దొరకిన కొలది దినములకే వేరూనును. కాకినాడ చెంత కోరింగ అడవులలోని ఉప్పుపొన్న ఇంకను చిత్రమైనది. దాని మొలక కాయను చీల్చుకొని వచ్చి, చెట్టుననే మునగకాయవలె వ్రేలాడుచు పెరిగి, పిమ్మట రాలును.

అయినచో ఈ రెండును చుట్టములా? కావు. పోలిక వేఱు, బంధుత్వము వేఱు. చెట్టునకు సంచియు లేదు, పాలును లేవు. కంగారూ ముందు కని, పిదప పెంచును. మడ ముందు పెంచి, పిదప విడుచును. విడిచిన మీదట మొలకకు తల్లి యిచ్చునది ఏమియు లేదు. తనలో దాచుకొన్న ఆహారమే దానికి దారిబత్తెము.

సంచిలో పిల్లయున్న కంగారూను చంపినచో రెండు ప్రాణములు పోవునని ఎల్లరు నెఱుగుదురు. కాయలతో నున్న మడను వంటచెఱకునకై నఱకినచో పోవు మొలకల నెవరు లెక్కింతురు? పులికాట్ తీరమున నేడు మడలు అక్కడక్కడ మాత్రమే మిగిలియున్నవి. చేపపిల్లలకును రొయ్యపిల్లలకును వాని వేళ్ల నడిమి నీరు దాగుచోటు. మడ పోయిన చోట వలకును కొంత నష్టమే.

ఈ మాఱు తీరమునకు పోయినప్పుడు రాలిన మడకాయ యొకటి తీసి, తోలు ఒలిచి చూడుడు. మడతపడిన రెండు పప్పుబద్దలును, వాని నడుమ వేరుమొనయు కానవచ్చును. చూచిన పిదప దానిని ఇంటికి తేక, ఆ బురదలోనే ఉంచి రండు.