కట్టడాల వార్త ఎవరెవరి చేతులు దాటుతుంది

మైదుకూరు

అల్లుడూ,

నిన్ను పేపరు వాళ్లు కంట్రిబ్యూటర్‌గా తీసుకున్నారని, రోడ్లు, కాలవలు, బిల్డింగుల పనులు చూడమన్నారని మీ అమ్మ చెప్పింది. మంచిది. ఆఫీసులో ఎవరెవరుంటారో, ఎవరితో ఎట్లా మసలుకోవాలో రాయమన్నావు.

పేపరు ఆఖరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఒక లైనుంటుంది చూడు. ముద్రించినదెవరు, ప్రచురించినదెవరు, ఎడిటరెవరు అని. 1867 నాటి ప్రెస్ చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది. లాయరు నోటీసు మొదట పోయేది ఆ పేర్లకే. మిగతావాళ్ల పేర్లు అందులో ఉండవు గానీ, నీకు రోజూ పని పడేది వాళ్లతోనే.

నీ కాపీ బ్యూరో దాటి జిల్లా డెస్క్‌కు పోతుంది. బ్యూరోలో స్టాఫ్ రిపోర్టరు చూసేది ముఖ్యంగా వివరణ. కాంట్రాక్టరు మాట, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) మాట లేకుంటే అక్కడే ఆపేస్తాడు. అసలు పరీక్ష సబ్ ఎడిటర్ దగ్గర. పొద్దుగూకితే ఆయన ముందు మండలాల కాపీలన్నీ గుట్ట పడతాయి, అందుకే కసురుకుంటాడు. పట్టించుకోవద్దు. బ్రహ్మంసాగర్ నుంచి ‘రెండు వేల టీఎంసీలు వదిలారు’ అని కొట్టి పంపావనుకో. ఆ రిజర్వాయరు నిండా పట్టేదే 17.74 టీఎంసీలు! ఆయన పట్టుకుంటే సరి, లేకుంటే తెల్లారి రైతులు నవ్వుతారు. నిలిచిన నీళ్లకు టీఎంసీలు, పారే నీళ్లకు క్యూసెక్కులు. దాదాపు 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ. ఈ లెక్క ఫోన్‌లో రాసి పెట్టుకో.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. ‘పది కోట్లతో రోడ్డు’ అని శంకుస్థాపన నాడు అందరూ రాస్తారు. ఏ పది కోట్లు? అంచనా వేసిందా, టెండరు లెస్‌కు పోయాక అగ్రిమెంటు రాసుకున్నదా, బిల్లు కింద చెల్లించిందా? మంచి సబ్ ఎడిటర్ ఈ మూడింటినీ విడదీసి అడుగుతాడు. చేసిన పని కొలతలు ఎం-బుక్‌లో ఎక్కుతాయి, బిల్లు పాసయ్యేది వాటిని బట్టే. కాబట్టి శంకుస్థాపన కన్నా బిల్లు పెట్టిన రోజే నాకు పెద్ద వార్త.

ఫొటోగ్రాఫరు మండలానికి రాడు, అదీ నీ నెత్తినే. కేసీ కెనాల్ లైనింగ్ పగిలిందంటే పగులు పక్కన టేపు పరిచి ఫొటో తియ్యి. ఒట్టి పగులు బెత్తెడో బారెడో కడపలో కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఏ వార్త ఏ పేజీలో పోవాలో ఎడిషన్ ఇన్‌ఛార్జి తేలుస్తాడు. ఆయనతో పోట్లాడటం నేర్చుకో. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని ఆ తర్వాత పార్లమెంటులో కేంద్రమంత్రే చెప్పారు. గేటుకు రిపేరు కావాలన్న వార్త మామూలు రోజుల్లో నాలుగు లైన్లకు కుదించుకుపోతుంది. కట్ట తెగితే మొదటి పేజీ. రిపేరు వార్తకు ఫొటో, పాత తేదీలు జోడించి పంపితే ఇన్‌ఛార్జి కుదించడానికి వెనకాడతాడు.

ఇంకొకరున్నారు, యాడ్స్ వాళ్లు. పండగలకు ప్రకటనలు తెమ్మని నిన్నూ అడుగుతారు. వెంచరు వేసినాయన ప్రకటన ఇస్తూ ‘మన లేఅవుట్ గురించి కూడా రెండు ముక్కలు’ అంటాడు. ప్రకటన ఆఫీసుకు పంపు, ఆ రెండు ముక్కలు రాయొద్దు. అనుమతి ఉందా లేదా మున్సిపాలిటీలో కనుక్కో.

ఏఈ ఎం-బుక్ ఊరికే చూపించడు. 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు, గడువు 30 రోజులు. ఆ చట్టంలో పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. విలేకరులు వాటి జోలికి పెద్దగా పోరు. నువ్వు మొదటి అర్జీ రాసి నాకు పంపు, చూసి పెడతాను.

ఇట్లు,
మీ మామ